అరచేతి తూకం

వీధిలో ఆమె పేరు ఎవరికీ అవసరం రాలేదు. డబ్బాలక్క ఎక్కడుంటుందని అడిగితే చాలు, రెండో సందులో నీలం రేకుల షెడ్డు చూపిస్తారు. లోపల గోడ పొడవునా పాత కంప్యూటర్ల పవర్ సప్లై డబ్బాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. ప్రతి డబ్బాకీ ఒక చిన్న ఫ్యాను, పక్కనుంచి వేలాడే రంగుతీగల కుచ్చు. పొద్దున తలుపు తీయగానే ఎండ ఆ కుచ్చుల మీద పడి ఎరుపూ పసుపూ నలుపూ ఒక్కొక్కటిగా నిద్ర లేస్తాయి. ఆమె కాసేపు అలా చూసి, కళ్లజోడు తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చుంటుంది.

చెప్పుకోవడానికి అది చిన్న పనే. నాలుగు మరలు విప్పితే మూత ఊడుతుంది, ఇంకో నాలుగు విప్పితే ఫ్యాను. తీగలు మొదలంటా కత్తిరించి గోనెలో వేయాలి. వేడిని లాగే అల్యూమినియం పలకలు బకెట్లోకి, ఇనుప డొల్ల బయటి కుప్పలోకి. చివరికి బోర్డు మీద నల్లటి ఉంగరాల చుట్టూ చుట్టిన ఎర్రటి తీగ మిగులుతుంది. అది రాగి. డబ్బా మొత్తం ఒక ఎత్తు, ఆ గుప్పెడు రాగి ఒక ఎత్తు.

పన్నెండేళ్ల కిందట ఆమె ఒక ఆఫీసులో నేల తుడిచేది. ఆఫీసు మూసేసిన రోజున మేనేజరు మూలనున్న ఆరు డబ్బాలు చూపించి, "ఇవి పారేయడానికి మనిషి దొరకట్లేదు, పట్టుకుపోతావా?" అన్నాడు. ఆఖరి జీతంతో పాటు ఆ ఆరు డబ్బాలూ ఇంటికొచ్చాయి. మొదటిదాన్ని వంటింటి కత్తితో తెరిచింది. లోపల ఏదో తగిలి ఒళ్లంతా ఝల్లుమంది. కత్తి ఎగిరి గోడవతల పడింది.

"కూరగాయలు కోయమంటే కంప్యూటర్లు కోస్తోంది మా కోడలు," అని అత్తగారు ఆ గోడ మీదుగా ప్రకటించింది. గోడవతల రేడియోలు బాగుచేసే పెద్దాయన ఉండేవాడు. పడిన కత్తి ఒక చేత్తో, రెండు తీగలు తగిలించిన బల్బు ఇంకో చేత్తో పట్టుకుని వచ్చాడు.

"ఎక్కడా ప్లగ్గు పెట్టలేదు కదా బాబాయ్. కరెంటెలా ఉంది?" అని అడిగింది ఆమె.

"మనుషుల్లో ఉండట్లేదూ? గొడవ అయిపోయి నెల్లాళ్లయినా లోపలెక్కడో కాస్త మిగిలుంటుంది. ముట్టుకున్నవాడికి తగులుతుంది. ముందు దాన్ని ఖాళీ చెయ్యాలమ్మాయ్, తర్వాతే చెయ్యి పెట్టాలి."

బోర్డు మీద డ్రమ్ముల్లా నిలబడ్డ రెండు కెపాసిటర్ల కాళ్లకు ఆయన ఆ తీగలు ఆనించాడు. బల్బు ఒక్కసారి రెప్ప కొట్టి ఆరిపోయింది, డబ్బా తన ఆఖరి మాట చెప్పేసి కళ్లు మూసుకున్నట్టుగా.

ఆ రోజు నుంచి బల్బు రెప్ప కొట్టనిదే ఆమె ఏ డబ్బాలోనూ వేలు పెట్టలేదు. ఆరు డబ్బాలు అరవై అయ్యాయి, అరవై షెడ్డయ్యాయి. అత్తగారి మోకాలి ఆపరేషను, కూతురి నర్సింగు చదువు, వాన కారని పైకప్పు అన్నీ వాటిలోంచే వచ్చాయి. రాత్రి ఫ్యాను కింద పడుకుని ఒక్కొక్కటీ తలుచుకుంటే ప్రతి దాని వెనకా ఆ చిన్న మెరుపే కనిపించేది.

నాలుగేళ్లుగా బాబాయి కళ్లు మసకబారుతూ వచ్చి, ఇప్పుడు వెలుగూ నీడా మాత్రమే తెలుస్తున్నాయి. కొట్టు మూసేశాడు. ఆమె వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తన బల్లకు అవతలి చివర కుర్చీ వేసింది. ఫ్యాన్లు తిప్పి, ఆ చప్పుడును బట్టి ఏది బాగుందో ఏది అరిగిందో ఆయన చెబుతాడు. బాగున్నవి ఆమె విడిగా అమ్ముతుంది.

"జాలికి కూర్చోబెట్టి టీ పోస్తున్నావు. పనికిరాని డబ్బా ఒకటి నీ షెడ్డులో చోటు తింటోంది," అనేవాడు అప్పుడప్పుడూ.

"పనికిరాని డబ్బాల మీదే కదా బాబాయ్ నేను బతుకుతోంది," అనేది ఆమె.

రాగి కొనేవాడు రైలు గేటు అవతల ఉంటాడు. అందరూ తూకాలాయన అంటారు. ఎవరు మూట తెచ్చినా నేల మీద కుమ్మరించి, కాలితో చెదరగొట్టి, చూసిగానీ కాటా ఎక్కించడు. ఆమె మూటను మాత్రం ఆరేళ్లుగా ముడి విప్పకుండానే తూస్తున్నాడు. మొదట్లో ఒకసారి ఆమే అడిగింది, చూసుకోవా అన్నా అని. "నీ మూట చూస్తే నా కళ్లు పోతాయి చెల్లెమ్మా," అని నవ్వాడు. ఆఫీసులో రోజూ సాయంత్రం ఆమె సంచీ తడిమి బయటికి పంపేవాళ్లు. అందుకే ఆ విప్పని ముడి ఆమెకు చదువుకున్నవాళ్ల పట్టా కంటే ఎక్కువ.

ఆ మంగళవారం పొద్దున మూట ఎప్పటిలాగే వెళ్లింది. మధ్యాహ్నం బల్ల కింద బాబాయి కాలికి ఏదో తగిలింది. వంగి తడిమి పైకి తీశాడు. మూటలోంచి జారిపోయిన తీగచుట్ట. అరచేతిలో పెట్టుకుని ఒకసారి ఎగరేశాడు. రెండోసారి ఎగరేయలేదు.

"ఇదేంటమ్మాయ్?"

"రాగి. పోయిన వారం వచ్చిన పల్చటి డబ్బాల్లోది."

"రాగి ఇంత తేలిగ్గా ఉండదు."

ఆమె నవ్వుతూ బ్లేడు తీసి తీగను గీకి చూసింది. "ఎర్రగానే ఉంది బాబాయ్. గీకి చూడమని నువ్వే కదా నేర్పావు. ప్రతి చుట్టా గీకే వేశాను."

"గీకితే తొక్కే కదా కనబడేది. కోసి చూడు."

కటింగ్ ప్లయర్‌తో ఏటవాలుగా తుంచి, భూతద్దం కింద పెట్టింది. తీగ నడుమ తెల్లగా ఉంది. దాని చుట్టూ గోరంచంత సన్నని ఎరుపు. అల్యూమినియానికి రాగి తొడుగు. పన్నెండేళ్లుగా రంగు పూసిన మోసాలన్నిటినీ పట్టుకున్న బ్లేడు ఈ ఒక్కదాని ముందు ఓడిపోయింది. ఆ తీగచుట్టలు పావు మూట దాకా ఉంటాయి, మంచి రాగిలో కలిసిపోయి.

మూడింటికి తూకాలాయన లారీ రాగి కరిగించే కొలిమికి వెళ్తుంది. గోడ గడియారం రెండు దాటింది.

ఆమె చెప్పులు వెతుక్కుంటుంటే బాబాయి కర్ర అందుకున్నాడు. "గీకమని నేర్పింది నేను. తప్పులో సగం నాది. నన్నూ ఎక్కించు."

ఇద్దరూ ఆటో ఎక్కారు. రైలు గేటు పడి ఉంది. ఒక గూడ్సు బండి, పెట్టె తర్వాత పెట్టె, ఎంతకీ అయిపోకుండా వెళ్లింది. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదేమో అన్న ఆలోచన ఆమెకు ఆ గేటు దగ్గరే వచ్చింది. ఆఖరి పెట్టెతో పాటే పోయింది.

లారీ ఇంజను ఇంకా మొదలుకాలేదు. తూకాలాయన తాడు బిగింపిస్తున్నాడు.

"అన్నా, నా మూట దింపించు. విప్పాలి."

"నీ మూట విప్పడమేంటి?"

"అందులో రాగి కానిది ఉంది. తెలీక వేశాను." తుంచిన తీగ చేతికిచ్చింది.

ఆయన చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. మొహం గట్టిపడింది. "ఇది కొలిమిలో పడితే లారీకి లారీ వెనక్కి కొట్టేవాళ్లు. ఇరవై ఏళ్ల పేరు నాది. నీ ఒక్క మూటే కదా నేను చూడంది."

"తెలుసన్నా. అందుకే పరిగెత్తుకొచ్చాను."

ఆయన తాడు వదులు చేయించాడు. మూట దించి, ఆరేళ్ల తర్వాత మొదటిసారి, ముడి విప్పించాడు. ఆమె మూటా అందరి మూటల్లాగే నేల మీద కుప్పగా పడింది. అంతా ఒకే ఎరుపు. ఆమె తల వంచుకుంది.

"ఒక్కోటీ కోసి చూడాలంటే రేపు పొద్దెక్కుతుంది," అన్నాడు కూలీ ఒకడు.

"ఒక స్టూలు ఇప్పించండి," అన్నాడు బాబాయి.

కుప్ప ముందు కూర్చుని రెండు చేతులూ చాచాడు. ఆమె ఒక్కో చుట్ట అందిస్తోంది. అరచేతిలో అలా ఆడించి, "రాగి. రాగి. తొడుగు. రాగి. తొడుగు," అంటూ అటూ ఇటూ వేస్తున్నాడు, చిన్నప్పుడెప్పుడో నేర్చిన పాట మళ్లీ నోటికొచ్చినట్టు. తూకాలాయన నమ్మలేదు. వెనక నిలబడి ఒక్కోదాన్ని కోసి చూశాడు. ఒకసారి కావాలనే, తీసేసిన చుట్టను మళ్లీ అందించాడు.

"ఇది ఇందాక వచ్చిందే. నాకు కళ్లే పోయాయి, బుర్ర ఉంది," అన్నాడు బాబాయి.

పన్నెండో చుట్ట తర్వాత తూకాలాయన కటింగ్ ప్లయర్ జేబులో పెట్టేసుకున్నాడు.

లారీ అరగంట ఆలస్యంగా కదిలింది. దుమ్ము అణిగాక ఆయన ఒక టీ గ్లాసు తెచ్చి బాబాయి వేళ్లకు తగిలించాడు.

"పెద్దాయనా, ఈ మాయతీగ ఇంకెన్ని మూటల్లో వస్తోందో నాకు తెలీదు. లారీ రోజుల్లో మీరు ఇక్కడికి రాకూడదూ? ఊరికే వద్దు, కూలి ఇస్తాను."

బాబాయి మొహం ఆమె గొంతు వినిపించే వైపు తిరిగింది. "అమ్మాయినడగండి. నేను ఆవిడ షెడ్డు సరుకుని."

ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. తూకాలాయనతో అంది, "వారానికి రెండ్రోజులే. మిగతావి నావి. ఆటో నువ్వే పంపాలి. టీలో చక్కెర తక్కువ."

"మనిషినిస్తున్నావా, మిషనిస్తున్నావా చెల్లెమ్మా, ఇన్ని షరతులు?" అన్నాడు తూకాలాయన. నవ్వాడు గానీ మూట సంగతి మాత్రం ఎత్తలేదు. ఆమె కూడా అడగలేకపోయింది.

తర్వాతి మంగళవారం ఆమె ఒక్కో తీగా కోసి చూసి కట్టిన మూటను కాటా దగ్గర దించింది. అడగకముందే వంగి ముడి మీద వేళ్లు పెట్టింది. తూకాలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. మనకిప్పుడు చూసే మనిషున్నాడు."

బాబాయి స్టూలు మీంచి లేచి, తడుముకుంటూ వచ్చి, మూటను రెండు చేతులా చుట్టి ఒక్క జానెడు పైకి లేపాడు. పసిపిల్ల బరువు చూసినట్టు క్షణం సేపు అలాగే పట్టుకుని, మెల్లగా దించాడు.

"రాగే," అన్నాడు.

ముడి విప్పకుండానే మూట కాటా ఎక్కింది.