భీమశంకరంగారి నాచు పాఠం

మా తాతయ్య భీమశంకరానికి ఉన్నది ఒకటే జబ్బు: కొండ దారిలో ఎవరు కనిపించినా ఆపి నాచు గురించి పాఠం చెప్పాలి. ఆపడమంటే మామూలుగా కాదు, రెండు చేతులూ చాచి చెక్‌పోస్టు గేటులా అడ్డం పడతాడు. మన్యంలో ముప్ఫై ఏళ్లు ఫారెస్ట్ గార్డుగా చేసిన మనిషి. కలప లారీలే ఆగేవి, హైకింగ్ బూట్లు ఎంత?

ఆ కొండ అమెరికాలో మేముండే క్యారీ ఊరికి మూడు గంటల దూరంలో ఉన్న పెద్ద ఎస్టేటు. ఓనరు పోతూ పోతూ ట్రస్టుకి రాసిచ్చాడు. ఎవరైనా ఉచితంగా ఎక్కొచ్చు, దారి దిగి నాచు మాత్రం తొక్కకూడదు. నేను కాలేజీ మధ్యలో మానేశాను కనక శనివారాలు డ్రైవింగ్ నాది. వెనక సీట్లో పక్కింటి రజిని ఆంటీ. స్ట్రోక్ వచ్చాక ఆవిడ ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తారు. పైనున్న బెంచీ దాకా ఆంటీ ముందు బయల్దేరతారు, తాతయ్య కింద మలుపులో కాపు కాస్తాడు.

"ఏమయ్యా, ఈ నాచు వయసెంతో తెలుసా? రెండొందల ఏళ్లు."

మరుసటి వారం అదే నాచుకి నాలుగొందలు.

"పోయిన వారం రెండొందలేగా తాతయ్యా?"

"మరి పెరగదుటే?"

ఒకసారి ఇద్దర్ని అరగంట నిలబెట్టాడు. ఇంకోసారి పదిమందిని ఐదు నిమిషాల్లో, మాట మధ్యలోనే, "ఇక వెళ్లండి" అన్నాడు.

ట్రస్టుకి పదకొండు ఫిర్యాదులు వెళ్లాయి. ఈసారి మేనేజర్ స్వయంగా వచ్చి చూస్తుందనీ, నిజమని తేలితే తాతయ్యని ఇక కొండ ఎక్కనివ్వరనీ మెయిల్ వచ్చింది.

తాతయ్య కారులో భగ్గుమన్నాడు. "నన్ను రావద్దంటారా? ఆ మహానుభావుడు కొండంతా వదిలేస్తే ఈ జనం మూరెడు దారి వదల్లేరా? ఒకళ్ల వెనక ఒకళ్లు నడవలేరా?"

"నా మూలంగా ఎందుకు బాబాయ్ గారూ," అన్నారు ఆంటీ.

"నువ్వు ఊరుకోమ్మా."

నాకేం అర్థం కాలేదు.

మలుపు దగ్గర మేనేజర్ నోట్‌బుక్ పట్టుకుని నిలబడింది. నలుగురు తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు వచ్చారు. తాతయ్య చేతులు చాచాడు.

"అంకుల్, లేటవుతోంది. పైన ఫోటోలు దిగాలి."

"దిగుదురు గాని. ఈ నాచుకి ఆరొందల ఏళ్లు..."

నోరు వాళ్లతో మాట్లాడుతోంది కానీ, చూపు వాళ్ల తలల మీదుగా పైకి పోతోంది. నేనూ చూశాను. పైన రజిని ఆంటీ ఒక అడుగు వేసి ఆగి, ఊపిరి తీసుకుని, ఇంకో అడుగు వేస్తున్నారు. బెంచీ ఇంకా దూరం.

అప్పుడు వెలిగింది. రెండు నెలల కిందట ఓ గుంపు వెనకనుంచి "ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ తోసుకొస్తే, దారివ్వబోయి ఆంటీ నాచు మీద జారిపడ్డారు. ఒక్కడూ ఆగలేదు. ఇక జన్మలో రానంటే తాతయ్యే ఒప్పించాడు. సరిగ్గా ఆ తర్వాతి శనివారమే తాతయ్యకి ఈ జబ్బు పట్టుకుంది. అలాంటి మనిషి మీద పదకొండు ఫిర్యాదులా? నాకు ఒళ్లు మండింది.

ఇంతలో తాతయ్యకి దగ్గు తెర వచ్చింది. పాఠం ఆగింది. కుర్రాళ్లు కదిలారు.

నేను చేతులు చాచాను. నాచు గురించి నాకు తెలిసింది సున్నా.

"ఆగండి. అసలు సంగతి ఆయన చెప్పలేదు," అన్నాను, మేనేజర్‌కీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో. "ఈ నాచుకి చెవులుంటాయి."

మేనేజర్ నన్ను చూసింది. నేను చూస్తున్న వైపు చూసింది. తర్వాత నోట్‌బుక్ మూసి, వచ్చి నా పక్కన నిలబడింది. దారి పూర్తిగా మూసుకుపోయింది.

"ఎన్ని చెవులు?" అంది చాలా సీరియస్‌గా.

నేను పైకి చూశాను. బెంచీకి ఇంకా ఎనిమిది అడుగులు.

"ఎనిమిది," అన్నాను. "ఒక్కొక్కటే చెప్తాను."