నాలుగు కుర్చీలకు ఒక టిష్యూ ప్యాకెట్

ఐటీ పొంగు మీదున్న ఆ రోజుల్లో సింగపూర్‌లో నా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. పాసిర్ రిస్‌లో రైలెక్కి రాఫెల్స్ ప్లేస్‌లో దిగేదాకా మెడలోని ఆఫీసు కార్డును చొక్కా మీద తిప్పి తిప్పి సర్దుకునేవాణ్ణి. నలుగురికీ కనబడాలి కదా.

అప్పటిదాకా నేను రాసినవి గోడౌన్లలో సరుకు లెక్క చూసే ప్రోగ్రాములు. హఠాత్తుగా మా కంపెనీకి ప్రభుత్వం పని వచ్చింది. పేదరికం తగ్గాలి, పిల్లలందరూ బడికెళ్ళాలి, కాన్పులో తల్లులు చనిపోకూడదు అని ప్రపంచ దేశాలు కొన్ని లక్ష్యాలు పెట్టుకున్నాయి. ఈ సంపన్న దేశపు విధానాల్లో ఏవి వాటికి సాయపడుతున్నాయి, ఏవి అడ్డొస్తున్నాయి అన్నది ఒకే తెర మీద కనబడాలి. ఆ తెర కట్టే పని నాకిచ్చారు. ఆ వారమంతా పేదరికాన్ని నేనే తగ్గిస్తున్నట్టు తిరిగాను. ఇంట్లో చెత్తసంచి బయట పెట్టమంటే, "ప్రపంచం పని చూస్తున్నానే!" అన్నాను. "ఆ ప్రపంచంలోదే ఈ సంచి కూడా" అంది మా ఆవిడ.

ఒక లక్ష్యాన్ని రెండు శాఖలు తమదంటే ఏం చేయాలన్నది చిక్కు. మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో తింటూండగా ఉపాయం తట్టింది. అక్కడ చుట్టూ తిండి దుకాణాలు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళి లైన్లో నిలబడితే ఆ చోటు మనది. దాన్నే చోప్ చేయడం అంటారు. కొత్తలో నాకు తెలియక, ఎవరో మరిచిపోయారనుకుని అలాంటి ప్యాకెట్ విప్పి ముక్కు తుడుచుకున్నాను. దాని సొంతదారు నూడుల్స్ గిన్నెతో వచ్చి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు ఆ పద్ధతినే ప్రోగ్రాంలో పెట్టాను. ముందు ఎవరు పేరు రాస్తే లక్ష్యం వాళ్ళది, ఇంకొకరు రాయకుండా తాళం.

"వెరీ క్లీన్ లా!" అని, మాట చివర అక్కడివాళ్ళ ఊతపదం 'లా' తగిలించి, మా బాస్ నా వీపు మీద చరిచాడు. ఆ దెబ్బ మీద రెండు రోజులు బతికాను.

ప్రోగ్రాంను పరీక్షించే రోజున శాఖల అధికారులు కంప్యూటర్ల మీద పడి, నవ్వుకుంటూ, ఒకరినొకరు మోచేతులతో తోసుకుంటూ లక్ష్యాలు ఏరుకున్నారు. నాకు తిరునాళ్ళలా ఉంది. అంతలో ఒకావిడ నా చొక్కా పట్టి లాగింది. మలేషియాలో పుట్టి, ఉద్యోగానికి వచ్చి యీషున్‌లో స్థిరపడిన తెలుగావిడ. చుట్టుపక్కల పేద దేశాల నుంచి మంత్రసానులను పిలిపించి శిక్షణ ఇప్పించే చిన్న కార్యాలయం ఆవిడది.

"తంబీ, తల్లుల గడిలో నా ట్రైనింగ్ పెట్టనివ్వదే. ఎర్రగా అరుస్తా ఉంది."

"అది వేరేవాళ్ళు తీసేసుకున్నారు ఆంటీ."

తీసుకున్నది సభలకు హాళ్ళు ఏర్పాటు చేసే కార్యాలయం. తల్లుల ఆరోగ్యం మీద జరగబోయే పెద్ద సభకు హాలు ఇస్తున్నారట.

"వాళ్ళు హాలు ఇస్తారు, సరి. నాకూ ఇంత చోటు బోలే?" బోలే అంటే మలయ్‌లో కుదురుతుందా అని.

"సిస్టమ్ ఒప్పుకోదు ఆంటీ. 'ఇతరములు' గడిలో పెట్టండి. కిందికి జరిపితే కనబడుతుంది."

"ఏ కార్యక్రమం ఉండాలో, ఏది తీసేయాలో వచ్చే వారం పెద్దవాళ్ళు చూసేది ఈ తెరే. పెద్దవాళ్ళు కిందికి జరపరు తంబీ. నా మంత్రసానులు టికెట్ల కోసం చూస్తా ఉన్నారు."

సిస్టమ్ అంటే నేనే. ఆ మాట చెప్పకుండా టీ తాగడానికి వెళ్ళిపోయాను. తాళం తీయడం కష్టమై కాదు. మెచ్చుకోలు వచ్చిన తాళం అది.

మర్నాడు హాకర్ సెంటర్‌లో నాలుగు కుర్చీల బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆ బల్ల పక్కనే ఆంటీ నిలబడి ఉంది. చేతుల్లో పొగలు కక్కే చేపల సూపు. వేళ్ళు కాలుతుంటే గిన్నె అటూ ఇటూ మారుస్తోంది.

"కూర్చోకపోయారా ఆంటీ!"

"ఎవరో చోప్ చేసినారు. నీదా? ఎంతమంది వస్తారు?"

"నేనొక్కణ్ణే."

"అయ్యో! ఒక్క మనిషికి నాలుగు కుర్చీలా? పడుకుంటావా తంబీ?" అని పెద్దగా నవ్వి కూర్చుంది. పళ్ళేలతో తిరుగుతున్న మరో ఇద్దరు కూడా వచ్చి కూర్చున్నారు. ఆవిడ శిక్షణ సంగతి ఎత్తలేదు. ఆ చేప ఎంత తాజాగా ఉందో చెబుతూ నా గిన్నెలోనూ ఒక ముక్క వేసింది. నేను గిన్నె సగంలోనే వదిలి లేచాను.

పరుగున ఆఫీసుకెళ్ళి తాళం పీకేశాను. ఒక్కో లక్ష్యం కింద ఎంతమందైనా రాయొచ్చు, పేరు పక్కన ఎవరికి ఏం చేస్తున్నారో కూడా రాయాలి. "ఆ తాళం నాకు నచ్చింది లా" అని బాస్ గునిశాడు. నాది తప్పు అనడానికి నోరు రాలేదు. "వాడేవాళ్ళు అడుగుతున్నారు" అన్నాను. మళ్ళీ వీపు మీద చరుపు.

పెద్దల సమావేశంలో తల్లుల లక్ష్యం తెరిస్తే ముగ్గురు కనబడ్డారు. హాలు ఇచ్చేవాళ్ళు, మంత్రసానులకు నేర్పే ఆంటీ, అవే ఊళ్ళ నుంచి నర్సులను ఇక్కడి ఆసుపత్రులకు తీసుకొచ్చే ఇంకో శాఖ. "ఈమె నేర్పి అక్కడికి పంపుతుంటే మనం ఇక్కడికి లాగుతున్నామా?" అని అధ్యక్షుడు అడిగాడు. ఆంటీ శిక్షణ ఆగలేదు. నర్సుల శాఖవాళ్ళు ఆవిడతో మాట్లాడాకే ముందుకెళ్ళాలని తేలింది. నాకు బల్లెక్కి గంతులేయాలనిపించింది.

మంత్రసానులు వచ్చిన ఆదివారం ఆంటీ తన ఫ్లాట్ల కింది ఖాళీ హాల్లో విందు పెట్టింది. అన్ని భాషల్లోనూ ఒకేసారి నవ్వులు. ఆవిడను పక్కకు పిలిచి చెప్పాను.

"ఆ తాళం సిస్టమ్ పెట్టలేదు ఆంటీ. నేనే పెట్టాను. గొప్ప కోసం."

"తెలుసు లే. సిస్టమ్‌కి చెవులు ఎర్రబడతాయా? ఆ రోజు నీకు ఎర్రబడినాయి. పో, మకాన్, వెళ్ళి తిను, కూర చల్లారుతా ఉంది."

బల్ల దగ్గరికి వెళ్తే కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి, ఇద్దరు మంత్రసానుల మధ్య ఒక్క కుర్చీ తప్ప. దాని మీద టిష్యూ ప్యాకెట్.

"నీకే తంబీ," వెనక నుంచి ఆంటీ కేక పెట్టింది. "ఒక్క కుర్చీయే!"