విన్నంక తీసెయ్యున్రి

మా చిన్నబాపు, అంటే మా బాబాయి, పోయాడన్న కబురు మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. రోజూ పొద్దున చాయ్ వేళకు అందులో ఆయన వాయిస్ మెసేజ్ వచ్చేది, దాన్ని మేం ముచ్చట అనేవాళ్లం. ఆ రోజు ఆయన కొడుకు టైపు చేసిన రెండు ముక్కలు కనిపించాయి. "బాపు నిద్రలనే పోయిండు. అందరు రాన్రి." నల్లగొండలో ఆఫీసుకు బయలుదేరబోతున్నదాన్ని, ఆయన ఊరు మోత్కూర్‌కు బస్సెక్కాను. దారి పొడవునా ఏడ్చాను. మధ్యలో ఒకసారి, అలవాటు కొద్దీ, ఇవాళ్టి ముచ్చట ఇంకా రాలేదేమిటని ఫోను తీసి చూసుకున్నాను.

మీకు ఆయన తెలియదు కాబట్టి చెబుతాను. ఉద్యోగమంతా కరెంటు స్తంభాలెక్కి దిగిన లైన్‌మెన్. రిటైరయ్యాక ఎక్కడానికి స్తంభాలు లేక మా ఫోన్ల మీద పడ్డాడు. పేపర్లో గాని టీవీలో గాని ఫోన్ల గురించి, కంప్యూటర్ల గురించి ఏ వార్త వచ్చినా, అది ఆయన నోటి మీదుగా మాకు చేరాల్సిందే. మడతపెట్టే ఫోన్లు వచ్చిన కొత్తలో, "రొట్టె మడిసినట్టు మడుస్తరట. రొట్టె ఇరిగితే తినొచ్చు, గీ ఫోను ఇరిగితే ఏం జేస్తం? జర ఆగున్రి, ఇప్పుడే కొనకున్రి" అన్నాడు. కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు. అయినా బుద్ధిగా ఆగాం.

తెలియని లింకులంటే ఆయనకు తెగిన వైరును చూసినంత భయం. "లింకు వచ్చిందా, ముందుగాల వేలు జేబుల పెట్టుకోన్రి" అనేవాడు. "మాకు జేబులెక్కడియి?" అని ఒకసారి ఆయన భార్య, మా చిన్నమ్మ, వెనక నుంచి అరిస్తే, "గట్లయితే కొంగుల చుట్టుకోన్రి" అని అదే ముచ్చటలో సవరించాడు. ఇప్పటికీ తెలియని నంబరు నుంచి ఏదైనా వస్తే నా చూపుడు వేలు దానంతటదే చున్నీలోకి పోతుంది.

ఆఫీసులో కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా ఆయనకే ఫోన్ చేసేదాన్ని. "ఆపి మళ్ల పెట్టినవా?" ఎప్పుడూ ఇదే ప్రశ్న. "పెట్టిన చిన్నబాపు" అంటే, "పెట్టలే. ఎంటనే పెట్టినవు. మిషిన్‌కు గూడ జర దమ్ము తీస్కోనియ్యాలె బిడ్డా" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. కాసేపు ఊరుకుని మళ్లీ పెడితే అది చక్కగా పనిచేసేది, అప్పుడు ఇంకా మండేది.

అన్నీ సరిగ్గానే చెప్పేవాడనుకునేరు. తడిసిన ఫోనును బియ్యంలో పెట్టమని ఒకసారి చెప్పాడు. ఆయన అక్క, అంటే మా మేనత్త, కట్టంగూర్ దగ్గర గొర్రెలు పెంచుతుంది. ఆమె ఫోను గొర్రెలు నీళ్లు తాగే తొట్టిలో పడింది. ఇంట్లో బియ్యం తక్కువున్నాయి, తవుడు దండిగా ఉంది. సరే అదీ ఇదీ ఒకటేనని తవుడు సంచిలో దాచింది. సాయంత్రం మామ సంగతి తెలియక ఆ తవుడు తెచ్చి గొర్రెల ముందు పోశాడు. ఎట్లా ఉందో కనుక్కుందామని సరిగ్గా అప్పుడే చిన్నబాపు ఫోన్ చేశాడు. ఫోను బాగైపోయింది, తవుడులోంచి మోగింది, మంద మొత్తం చెల్లాచెదురైంది. గొర్రెలను మళ్లీ ఒక్క దగ్గరికి తెచ్చేసరికి అత్త గొంతు పోయింది. ఆపైన చార్జింగు రంధ్రం నిండా తవుడు! మర్నాడు ఆయన ముచ్చట ఇట్లా వచ్చింది: "బియ్యం వద్దు. తవుడు అసలుకే వద్దు. నేను జెప్పింది తప్పు. ఆపేసి ఫ్యాను గాలికి పెట్టున్రి." తప్పని తెలిసిన మర్నాడే అందరి ముందూ ఒప్పుకునే మనిషి మా ఇంట్లో ఆయనొక్కడే. అందుకే మాకు ఆయన మీద అంత నమ్మకం.

ఏ ముచ్చట చెప్పినా చివర్లో ఒకటే మాట: "విన్నంక తీసెయ్యున్రి. ఫోన్ల జాగా ఆగం చేసుకోకున్రి." అందరం విన్న వెంటనే తీసేసేవాళ్లం. మాట వినంది అత్త ఒక్కతే. మందలు కలిసిపోతే తన గొర్రె ఏదో చూపించాలని ప్రతి పిల్లకూ ఫోటో తీసి పెట్టుకునేది, ఒక్కటీ తీసేసేది కాదు. ఫోను నిండిపోయి మొండికేసేది. ఆయన తిట్టీ తిట్టీ, చివరికి తానే ఒక మెమరీ కార్డు కొని, గొర్రెలన్నిటినీ అందులోకి తోలి, ఫోనులో జాగా చేసిపెట్టాడు.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లాక చిన్నమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "బిడ్డా, మీ చిన్నబాపు ముచ్చట ఒక్కటి పెట్టవా. ఆయన గొంతు ఇనక పానం ఎట్లనో అయితాంది" అంది.

నా ఫోనులో ఒక్కటీ లేదు. తమ్ముడి ఫోనులో లేదు. చిన్నబాపు ఫోను తెరిచి చూస్తే నిన్ననే కొన్నట్టు ఊడ్చి పెట్టి ఉంది. ఇంటింటికీ ఫోన్ చేశాను. అందరూ ఆయన చెప్పినట్టే చేశారు. చిన్నమ్మ ముఖం చూడలేక తల దించుకున్నాను.

అరుగు మీద కునికిపాట్లు పడుతూ కూర్చున్న అత్త, "ఎందుకట్ల దేవులాడుతున్నరు? నా ఫోన్ల ఉన్నయిగద" అంది.

ఉన్నాయి. ఆయన చేసిపెట్టిన జాగా నిండా ఆయనే ఉన్నాడు. చేతికి అందినది నొక్కాను.

"ఆ... అందరు బాగున్నరా? ఇయ్యాల ముచ్చటేందంటే, గొంతు నకలు చేసి పైసలడుగుతున్నరట. నా గొంతుతోని ఫోనొచ్చినా నమ్మకున్రి. ఇంటి ముచ్చట ఏదన్న అడుగున్రి..." వెనక నుంచి చిన్నమ్మ అరుపు. "చాయ్ సల్లారిపోతాంది!" "వస్తన్న, ఒక్క నిమిషం ఆగు... ఇగ విన్నంక తీసెయ్యున్రి."

"నువ్వు జెప్పినట్టు నేనెన్నడన్న జేసిన్నా తమ్మీ, ఇప్పుడు జేస్తనా?" అంది అత్త, ఫోనుతోనే మాట్లాడుతున్నట్టు. చిన్నమ్మ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఏడ్చింది. ఆ పూట అందరం అట్లాగే ఉన్నాం. ఆయన ఉండి ఉంటే ఎవరు ముందు నవ్వారని విచారణ పెట్టేవాడు.

ఆ ముచ్చటలన్నీ చిన్నమ్మ ఫోనులోకి ఎక్కించి, మరో దగ్గర కూడా నకలు దాచాను. ఈ ఒక్క విషయంలో ఆయన సలహాకు ఎదురు పోతున్నందుకు నాకు సంతోషంగా ఉంది. మీ ఇంట్లోనూ ఇట్లాంటి గొంతులుంటే తీసెయ్యకండి.

మొన్న మోత్కూర్ వెళ్లినప్పుడు చూశాను. పొద్దున్నే చిన్నమ్మ రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, ఆ ముచ్చటే పెట్టుకుంది. "వస్తన్న, ఒక్క నిమిషం ఆగు" అన్న మాట రాగానే లేచి, రెండో గ్లాసు మీద మూత పెట్టింది.