పోను పది గంటలు, రాను ఇరవై ఒకటి

1961 జనవరిలో వికారాబాద్ మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ మంచం పట్టింది. పద్నాలుగేళ్లుగా చుట్టుపక్కల ఊళ్లలో కాన్పులు చేసిన మనిషి. ఆపరేషన్ లండన్‌లోనే కావాలన్నారు. దారిలో జ్వరం పెరగకుండా ఆరు గంటలకోసారి సూది పడాలి. తోడుగా నర్సు మార్తను పంపారు.

మార్త మర్పల్లి కూలీల బిడ్డ. అప్పటిదాకా ఆమె రైల్లో తాండూరు దాటి పోలేదు. బయలుదేరేటప్పుడు కాంపౌండర్ హన్మయ్య తన చేతి గడియారం విప్పి ఆమెకు కట్టాడు.

"పన్నెండు, ఆరు, మళ్ల పన్నెండు. టైం తప్పొద్దు, అక్కా."

బొంబాయిలో విమానం పొద్దున ఎనిమిదింటికి లేచింది. పన్నెండింటికి మార్త సూది వేసింది. ఆరు కాగానే రెండోది తీసింది. అప్పుడే విమానం కైరోలో దిగింది. కిటికీలోంచి ఎండ కళ్లలో పొడుస్తోంది. సాయంత్రం ఆరింటికి ఇంత ఎండేమిటి? గడియారం చెవికి ఆనించి చూసింది. టిక్కుటిక్కుమంటూనే ఉంది.

విమానంలో పనిచేసే అమ్మాయిని ఉర్దూలో అడిగితే, "ఇప్పుడు రెండున్నర. మీ గడియారం మార్చుకోండి" అంది.

మార్త లెక్క చూసుకుంది. రెండున్నర నిజమైతే మొదటి సూది పడి రెండున్నర గంటలే అయింది; ఇప్పుడే వేస్తే మందు ఎక్కువవుతుంది. ఆరు నిజమైతే, ఆగితే జ్వరం తిరగబెడుతుంది. డాక్టరమ్మను లేపింది. ఆమె కళ్లు తెరిచి, మూలిగి, మళ్లీ మూసుకుంది. అడగడానికి ఇంకెవరూ లేరు.

మార్త డాక్టరమ్మ నుదుటిమీద చేయి పెట్టి చూసింది. కాలుతోంది. "గడియారం ఎట్లన్న పోనీ, ఒంటికైతే ఆరు గంటలు నిండినయ్" అని తనలో అనుకుని సూది వేసింది. చేతికున్న గడియారం ముల్లు మాత్రం తిప్పలేదు.

లండన్‌లో దిగేసరికి అక్కడి గోడ గడియారంలో సాయంత్రం ఆరు. హన్మయ్య గడియారంలో పదకొండున్నర. అక్కడి డాక్టరు ఆమె సూదుల వేళలు రాసుకున్న చీటీ చదివి, ఏదో అంటూ ఆమె చేయి పట్టుకుని ఊపాడు. అది మెప్పో తిట్టో ఆమెకు తెలియలేదు.

వారానికి తిరిగొచ్చింది. భర్త మత్తయ్య స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రైళ్ల వేళలన్నీ నోటికొచ్చు. టిక్కెట్ల మీది వేళలు చూసి వేళ్లు మడిచాడు.

"పోయేటప్పుడు పొద్దున ఎనిమిదికెక్కి సాయంత్రం ఆరుకు దిగినవ్. పది గంటలు. వచ్చేటప్పుడు పొద్దున పదికెక్కి మర్నాడు పొద్దున ఏడుకు దిగినవ్. ఇరవై ఒకటి! గదే దారి, గదే దూరం. నాలుగున్నర వేల మైళ్లంటివి గద?"

"నా చేతి గడియారంల రెండుసార్లూ పదిహేనున్నరే అయింది."

"మరి టిక్కెట్టు అబద్ధమా?"

"గదేందో నాకూ సమజ్ కాలే. గాడ పొద్దు మనకంటె ఆలస్యంగ పొడుస్తదట."

"పొద్దు ఒక్కటే గదనే!"

మత్తయ్య స్టేషన్ మాస్టర్‌ను అడిగాడు. ఆయన భూమి ఇదే అనుకొమ్మని నారింజపండు తిప్పుతూ ఓపిగ్గా చెప్పాడు. మత్తయ్య తలూపి ఇంటికొచ్చి, "ఏమన్నడు?" అని మార్త అడిగితే, "అంత మంచిగనే చెప్పిండు. నాకే ఎక్కలే" అన్నాడు.

ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది. డాక్టరమ్మ లేచి నడుస్తోందట, వానాకాలానికి వస్తుందట. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో అందరూ కూర్చుని ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నారు. మార్త మూడుసార్లూ ఏడ్చింది.