ఛార్జి అప్పగించని మనిషి

మా ఆయన బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు బాయిలరు నడిపాడు. పనివాళ్లంతా ఆవిరన్న అనేవాళ్లు. కోపం కూడా అలాంటిదే. మీటరు చూడకుండా కునుకు తీసిన జోడీవాడి చెంప ఒకసారి పగలగొట్టి, తర్వాత తనే మందు రాశాడు. మనిషి లేని బాయిలరు బాంబుతో సమానం అనేవాడు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి, మీటరు చూసి, "తీసుకున్నా" అంటేగాని అక్కడినుంచి కదిలేవాడు కాదు. మా అమ్మాయి పుట్టినప్పుడూ ఆ మాట విన్నాకే ఆస్పత్రికి వచ్చాడు. మూడ్రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

పోయిన ఏడు కంపెనీ మా ఆయనతో కలిపి ముప్పైమందికి ఉత్తరాలిచ్చింది, మీరు అదనం, సోమవారం నుంచి రావద్దని. పనివాళ్లంతా కలిసి పెట్టుకున్న ప్లీడరుగారు శుక్రవారమే కోర్టు స్టే తెచ్చారు. విచారణ అయ్యేదాకా ఎవర్నీ తీయకూడదు. వాళ్లు గెంటితే గొడవపడకు, బయటికొచ్చి నాకు ఫోన్ చెయ్యి, మిగతాది కోర్టు చూసుకుంటుంది అని చిలక్కి చెప్పినట్టు చెప్పారు. మా ఆయన సరే అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లాను. బాయిలరు గదిలో మేనేజరు, నలుగురు కావలివాళ్లు నిలబడి ఉన్నారు. మా ఆయన ఆర్డరు చూపిస్తే మేనేజరు చదవకుండానే నిప్పులో పడేశాడు.

"కోర్టు కాలిపోయిందన్నా. ఇక నడువు," అన్నాడొక కావలివాడు.

"ఛార్జి తీసుకునేవాణ్ణి పిలవండి. వాడికి అప్పజెప్పి నేనే పోతా."

అది వాళ్లకు పొగరులా వినిపించింది. మోచేతి మీద లాఠీ పడింది. ఎముక విరిగిన చప్పుడు గుమ్మంలో ఉన్న నాకు వినిపించింది. ఆయన బొగ్గుపారతో ఒకడి మోకాలు విరగ్గొట్టాడు. మిగిలిన ముగ్గురూ తల మీదే కొట్టారు. నేను ఒకడి జుట్టు పట్టి లాగబోతే వాడి దెబ్బకు నా పళ్లు రెండు రాలాయి. నెత్తురు కళ్లలోకి కారుతుంటే ఆయన నేల మీద పాకి, మిగిలిన చేత్తో ఆవిరి వదిలే చక్రం తిప్పాడు. గదంతా తెల్లబడింది. వాళ్లు మోకాలు విరిగినవాణ్ణి ఈడ్చుకుని పారిపోయారు. మీటరు ముల్లు కిందికి దిగింది. నేను వెళ్లి పట్టుకునేసరికి ఆయనలో ఊపిరి లేదు.

విచారణలో కంపెనీ ప్లీడరు, ఆ మనిషిని పొద్దున్నే తీసేశాం, దొంగతనంగా చొరబడ్డాడు అన్నాడు. మా ప్లీడరుగారు బాయిలరు పుస్తకం ముందు పెట్టారు. ఆ సోమవారం ఒంటిగంట దాకా గంటగంటకూ మా ఆయన సంతకం, పక్కనే సూపర్‌వైజరు సంతకం ఉన్నాయి. స్టే అమల్లో ఉంది, ఈయన ఉద్యోగంలో ఉండగానే చనిపోయాడు అని జడ్జిగారు రాయించారు. మిగతా ఇరవై తొమ్మిదిమందీ మర్నాడు పనిలోకి వెళ్లారు.

గెలిచామమ్మా అన్నారు ప్లీడరుగారు. దండం పెట్టాను. ఆ నలుగురి మీదా, మేనేజరు మీదా కేసు వేరే కోర్టులో నడుస్తోంది. ఒక్క వాయిదా తప్పకుండా వెళ్తున్నాను. ముందు బెంచీలో కూర్చుని వాళ్ల చేతులే చూస్తుంటాను.