పడని మనిషినే సాక్షి పెట్టుకున్నాడు

మా పక్కింటాయన పోయాడు. పొద్దున్నే నా కిరాణా కొట్టుకు పాల ప్యాకెట్ కోసం వచ్చినామె ఆ కబురు చెప్పి, నేను సంతోషిస్తానేమోనని నా ముఖంలోకి చూసింది. చిల్లర చేతిలో పెట్టి పంపించాను. ఏడుపు రాలేదు. ఏడ్చేంత మంచి ఆయన నాకెన్నడూ చేయలేదు.

చేసిందల్లా పంచాయితీ. మా రెండిళ్ల మధ్య మూరెడు వెడల్పున ఒక సందు ఉంది. అది మాది. ఆయనా ఆ మాటే అనేవాడు. సుల్తానాబాద్‌లో మా వాడకట్టుకు మా గొడవతోనే తెల్లవారేది. నేను చీపురు పట్టుకుని సందులోకి దిగితే, ఆయన చెంబు పట్టుకుని బయటికి వచ్చేవాడు. లారీ నడిపిన మనిషి, గొంతు కూడా హారన్ లాంటిదే.

"చెల్లె, గిది మా సందు. నీ చీపురు గిటు తెస్తే ఇరగ్గొడ్త!"

తిట్టినా చెల్లె అనే తిట్టేవాడు. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండేది. నా గోడకు ఆనించి కట్టెలు పేర్చేవాడు. బట్టలుతికిన నీళ్లు నా వాకిట్లోకే వదిలేవాడు. పీనాసి, మొండి, నోటి దురుసు మనిషి. పోయినవాళ్లను పొగడాలంటారు. చదివే మీకు నేనెందుకు అబద్ధం చెప్పాలి?

ఆయన్ను భరించింది చిన్న కోడలు ఒక్కతే. మొగుడు పోయినా ఆ ఇంట్లోనే ఉండి, బీడీలు చుడుతూ, వేళకు ఇంత వండి పెట్టింది. కరీంనగర్‌లో ఉండే పెద్ద కొడుకులిద్దరూ ఎప్పుడో ఒకసారి వచ్చి, ఇల్లు అమ్మితే ఎంత వస్తుందో మాట్లాడుకుని వెళ్లేవాళ్లు.

రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం ఆయన నా కొట్టు ముందుకు వచ్చి నిలబడ్డాడు. కొట్లాటకేమో అనుకుని కొంగు బిగించాను.

"చెల్లె, రిజిస్ట్రేషన్ ఆఫీసు దాక రావాలె. ఇల్లు చిన్న కోడలి పేర వీలునామా రాపిచ్చిన. నువ్వు సాక్షి సంతకం పెట్టాలె."

"నేనా? ఊర్ల నీకు ఇంకెవ్వలు దొరకలేదా?"

"దోస్తులు పెడితే పైసలు తిని పెట్టిండ్రంటరు నా కొడుకులు. నువ్వు నా కోసం అబద్ధం ఆడినవంటే కుక్క గూడ నమ్మది."

కొట్టు తలుపు దగ్గరికేసి బయల్దేరాను. ఆటోలో ఇద్దరం చెరో దిక్కు చూస్తూ వెళ్లాం. రెండో సాక్షి ఆయన పాత దోస్తు. ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. నేను కాగితం చదవబోతే ఆయన చదవనివ్వలేదు. "నేను పెట్టంగ నువ్వు సూడాలె, నువ్వు పెట్టంగ నేను సూడాలె. గంతే" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, "గీ ముచ్చట కడుపుల పెట్టుకో. కోడలికి సుత చెప్పకు, దాన్ని పరేషాన్ చేస్తరు. నేను పోయినంక చెప్పు. ఇంట్ల కాగితం చింపినా ఆఫీసుల నకలు ఉంటది" అన్నాడు. ఆటో కిరాయి నాతోనే ఇప్పించాడు.

ఆయన పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. వాకిట్లో విస్తరి వేసి, ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించి దూరంగా నిలబడ్డారు. పిట్ట ముడితే పోయినవాళ్లకు కోరికలేవీ మిగల్లేదని మా దిక్కు నమ్మకం. కాకి వెంటనే వచ్చి వాలింది. పెద్ద కొడుకు చేతులు జోడించాడు.

"సూసిండ్రా, బాపుకు ఏ రంది లేదు. ఇల్లు మా ఇద్దరికే రావాలని ఆయన మనసుల ఉండె." అంతటితో ఊరుకోక మరదలి వైపు తిరిగి, "దినాలైనంక నువ్వు తల్లిగారింటికి పో" అన్నాడు.

ఆమె తల వంచుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సందులోంచే అరిచాను.

"కాకికి ఆకలైంది, తిన్నది! మీ బాపు మనసుల ఏమున్నదో రిజిస్ట్రేషన్ ఆఫీసుల ఉన్నది. వీలునామా మీద సాక్షి సంతకం నాదే, పోయి సూసుకోండ్రి!"

సాయంత్రం కొడుకులిద్దరూ నా కొట్టుకు వచ్చారు. గొంతుల్లో ఎక్కడలేని తీపి.

"అత్తా, జర ఆలోచన చెయ్యి. బాపు సంతకం పెట్టంగ నేను సూడలే అను, సాలు. సందు మొత్తం నీ పేర రాసిస్తం."

ఆశ పుట్టలేదని చెప్పను. అయినా, "మీ బాపుతోని నాకు పడకుండె. మీతోని అసలే పడది. నడువుండ్రి" అన్నాను.

మరణ ధ్రువీకరణ పత్రం చేతికి వచ్చాక, నేనూ చిన్న కోడలూ ఆఫీసుకు వెళ్లి నకలు తీసుకున్నాం. వరండాలో నిలబడి మొదటిసారి దాన్ని చదివాను. ఇల్లు ఆమె పేరనే ఉంది. కింద హద్దులు రాసిన చోట, 'పక్క సందుతో సహా' అని ఉంది. ఆ కింద, సాక్షిగా నా సంతకం.

"ముసలోడా!" అని నేను తిట్టిన తిట్లకు ఆఫీసు వాళ్లంతా బయటికి వచ్చారు. ఆ ముక్క చిన్న కోడలు కూడా చదివింది. ముఖం పాలిపోయింది.

"అత్తమ్మా, ఇప్పుడెట్ల?"

"ఎట్లేంది? ఆయన పెట్టంగ సూసిన. సంతకం నాదే. కోర్టుకు పిలిచినా గిదే చెప్త."

అప్పుడు ఏడ్చాను. కన్నకొడుకులను నమ్మని మనిషి, నా సందు గుంజుకుంటూ కూడా నన్నే నమ్మాడు. నా మీద అంత నమ్మకం ఇంకెవరూ పెట్టలేదు. ఏడ్చింది మాత్రం కోపంతోనే.

నిన్న పొద్దున చీపురు పట్టుకుని సందులోకి దిగాను. చిన్న కోడలు ఆయన చెంబు పట్టుకుని బయటికి వచ్చింది. గొంతు సవరించుకుంది.

"అత్తమ్మా, గిది మా సందు. చీపురు గిటు తేకు."

నేను కొంగు బిగించాను.