ఇక చాలు బాబాయి

మా బాబాయి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాడు. అవి ఎన్నిసార్లు నడవాలో కూడా తనే రాసేవాడు. లోకంలో ఏ యంత్రమైనా చెడిపోయి ఆగుతుంది. బాబాయి ప్రోగ్రాము మాత్రం బుద్ధిగా, వేళకి, తనంతట తానే ఆగేది. రోజుకి ఇన్నిసార్లని లెక్క. ఆ లెక్క పూర్తవగానే తెర మధ్యకి ఒక చిన్న పెట్టె వచ్చి కూర్చునేది. అందులో రెండే మాటలు: “ఇక చాలు.” ఆ పేరే ఆయనకి ఖాయమైపోయింది.

సైకిల్ షాపు మీది గది ఆయన ఆఫీసు. కళ్లజోళ్ల షాపు, ఫొటో స్టూడియో, ప్రింటింగ్ ప్రెస్సు, ఇలాంటివాళ్లే గిరాకీ. ఎవరి ఒళ్లు కొలుచుకుని వాళ్లకి చొక్కా కుట్టినట్టు ఎవరి పనికి తగ్గ ప్రోగ్రాము వాళ్లకి రాసిచ్చేవాడు. నేనూ ఒక పెద్ద కంపెనీలో ఆ పనే చేస్తాను. ఎప్పటికీ ఆగకూడని ప్రోగ్రాములు రాస్తాం. అవి మొదటిరోజే ఆగిపోతాయి. బాబాయివి మాత్రం ఆగాల్సిన క్షణం దాకా కిక్కురుమనేవి కావు.

లెక్క దాటి నడవాలంటే ఆయన స్వయంగా వచ్చి రహస్యపు మాట కొట్టాలి. ఫోనులో చెప్పడు. సైకిల్ మీద తాపీగా వచ్చి, అందరినీ గోడవైపు తిరగమనేవాడు. ప్రెస్సులో అయితే క్యాలెండర్ మీది పసిపాప బొమ్మని కూడా తిప్పేవాడు.

“దానికేం తెలుస్తుంది బాబాయ్?” అన్నాను ఒకసారి.

“ఇవాళ తెలీదు. పెద్దదైతే?”

అలా వచ్చినందుకు పైసా పుచ్చుకునేవాడు కాదు. పుచ్చుకుని ఉంటే డబ్బాశ అని సరిపెట్టుకునేవాళ్లు. పుచ్చుకోడు కాబట్టి తిక్క అని తేల్చేశారు.

“ఏవండీ, నేను కళ్లజోడు అమ్మి, దీంతో ఇన్నిసార్లే చూడాలని షరతు పెడుతున్నానా?” అని కళ్లజోళ్ల షాపాయన నిలదీశాడు.

“పెట్టాల్సింది. మీ అద్దాలు కొన్నవాళ్లంతా పక్కింట్లోకే చూస్తున్నారు” అన్నాడు బాబాయి.

పిన్నిని కదిలిస్తే ఇంకా అన్యాయం. “ప్రోగ్రాముదేముందిరా, మనిషే అంత. ఒకే పని రెండోసారి చెబితే నడవడు” అనేది.

అందరిలోకీ ఎక్కువ మండిపడేది ప్రెస్సు యజమాని. ఆయన్ని అందరూ అర్జెంటుగారు అనేవాళ్లు. ఆయన తుమ్ము కూడా అర్జెంటే. అది సగంలో ఉండగానే ఇంకో పని పురమాయించేవాడు. అక్కడ పేజీలు కూర్చే అమ్మాయి ఒక్కతే. సరిగ్గా సాయంత్రం ఆవిడ చేతిలో కొత్త పని పెట్టేసరికి తెర మీద “ఇక చాలు” ప్రత్యక్షమయ్యేది. అర్జెంటుగారు ఫోను చేస్తే “ఇదిగో, బయల్దేరా” అనేవాడు బాబాయి. మర్నాడు పొద్దున చేరేవాడు.

ఒకరోజు ఏదో స్కూలు ప్రశ్నపత్రాలు అలాగే ఆగిపోయాయి. మర్నాడు పిల్లలు ఆనందంగా ఇళ్లకి వెళ్లిపోయారు. అర్జెంటుగారు మాత్రం కళ్లజోళ్లాయన్నీ ఫొటోగ్రాఫర్నీ వెంటేసుకుని బాబాయి గది మీదికి దండెత్తాడు. నేను సెలవులో ఉండి అక్కడే కూర్చున్నాను.

“తీసేస్తారా, లేదా? లేదంటే మీ ప్రోగ్రాములన్నీ తీసి వీధిలో పారేస్తాం!”

“మాకు తాళం దేనికండీ, మేమేమన్నా దొంగలమా?” అన్నాడు ఫొటోగ్రాఫర్.

“మనిషన్నాక కాస్త బుద్ధుండాలి” అని కళ్లజోళ్లాయన ముక్తాయించాడు.

మాటకి మాట అప్పజెప్పే బాబాయి ఆ రోజు కీబోర్డు పక్కకి జరిపాడు. ఆ తిట్లన్నీ కూర్చుని విన్నాడు. చివరికి, “సరే, తీసేస్తాను” అన్నాడు. అన్నట్టుగానే ఆ పూటే తిరిగి తిరిగి అన్నిచోట్లా తీసేశాడు. గెలిచామని వాళ్లు పొంగిపోయారు. ఒక పిచ్చి కుదిర్చామని నేనూ అనుకున్నాను.

వారం తిరక్కుండా గది మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. ముందు ఫొటోగ్రాఫర్ భార్య వచ్చింది.

“ఏంటన్నయ్యగారూ, తీసేశారట? మీ పెట్టె పుణ్యమాని ఆయన వేళకి అన్నానికి వచ్చేవారు. ఇప్పుడు మళ్లీ అదే తంతు. పెట్టమని అడిగిందాన్ని నేనుండగా, నన్నొక మాట అడక్కుండా తీసేస్తారా?”

ఆవిడ మెట్లు దిగుతుంటే కళ్లజోళ్లాయన తల్లి ఎక్కుతోంది. “నాయనా, మావాడికి ఇంటి దారి చూపించింది నువ్వొక్కడివే. నువ్వూ చెయ్యి వదిలేస్తే ఎలా?”

చివరగా ప్రెస్సు అమ్మాయి వచ్చింది. రాత్రిదాకా టైపు చేసి చేసి మణికట్టుకి కట్టు పడింది. “మీకు చెడ్డపేరు తెచ్చాను బాబాయిగారూ. అప్పుడు నేను అడక్కుండా ఉండాల్సింది” అని కళ్లు దించుకుంది.

ఆ అమ్మాయి వెళ్లాక బాబాయిని అడిగాను. “ఎవరో ఒకరు అడిగితే పెట్టినవా ఇవన్నీ? మొన్న అంతమంది అన్ని మాటలంటుంటే ఈ ముక్క ఎందుకు చెప్పలేదు?”

“చెబితే రెండు ఇళ్లల్లో గొడవ, ఒక అమ్మాయి ఉద్యోగానికి గండం. నాకు తిక్క అంటే నా ఒక్కడితో పోతుంది కదరా” అన్నాడు బాబాయి, కీబోర్డు మీద దుమ్ము ఊదుకుంటూ.

అంతలో మెట్ల మీద మళ్లీ చప్పుడు. ఈసారి అర్జెంటుగారు. జీవితంలో మొదటిసారి తొందర లేకుండా వచ్చాడు. తలుపు వేసి, నన్ను చూసి జంకి, అయినా కుర్చీ లాక్కున్నాడు.

“మా అమ్మాయి... అదే, పేజీలు కూర్చే అమ్మాయి... చేతికి కట్టుతో వస్తోందండీ. చూడలేకపోతున్నాను.”

“మరి వేళకి ఇంటికి వెళ్లమనండి.”

“అనాలనే అనుకుంటానండీ. నోరు తెరిస్తే ‘ఇది అర్జెంటు’ అనే వస్తోంది. అలవాటు.” గొంతు తగ్గించాడు. “ఆ మాటేదో మీ పెట్టె చేతే చెప్పించండి. కాస్త పెందలాడే చెప్పించండి. నేను అడిగానని మాత్రం బయటికి పొక్కకూడదు.”

“నేనెవరితో అంటాను?”

“ఇంకోటి. నలుగురిలో మిమ్మల్ని ఎప్పట్లాగే తిట్టాలి. లేకపోతే అనుమానం వస్తుంది. ఏమనుకోరుగా?”

బాబాయి లేచి సైకిల్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

“నిక్షేపంగా తిట్టండి. దానికి మాత్రం లెక్క పెట్టను” అన్నాడు.